నలభై రెండో గ్రూపు ఫొటో

పాత స్టూడియో, ముందు గది
సెప్టెంబరు 4

ఒరే లైటూ,

పద్నాలుగేళ్ల కింద నీ కూతురి పెళ్లిలో నన్ను కెమెరా ముందు నిలబెట్టావు. నేను మర్చిపోలేదు. అప్పటికి ముప్పై ఏళ్లుగా ఫొటోలు తీస్తున్నవాణ్ణి, ఊళ్లో సగం మందిని "గడ్డం కొంచెం పైకి" అన్నవాణ్ణి. అలాంటి నన్ను, నువ్వు తెచ్చిన డిజిటల్ కెమెరావాడు "అంకుల్, గడ్డం కొంచెం కిందికి" అన్నాడు. నేను దించాను కూడా. అదే నాకు మండుతుంది. ఆ ఫొటో మీ అక్క గోడకు మేకు కొట్టి తగిలించింది. అందులో నేను పన్ను పీకించుకోవటానికి వరసలో నిలబడ్డవాడిలా ఉన్నాను.

ఆ రోజు భోజనాల దగ్గర, ఇక చచ్చేదాకా నీతో మాట్లాడనని అందరి ముందూ అన్నాను. ఇప్పుడూ మాట్లాడటం లేదు, రాస్తున్నాను. మాట తప్పాడని ఎవరితోనూ అనకు. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఈ ఉత్తరానికి రెండు రోజులు పట్టింది. దీన్ని బట్టి పని ఎంత అవసరమో తెలుసుకో.

స్టూడియో మూసి ఎనిమిదేళ్లయింది. ఏడాదికి ఒక్క పని మిగిలింది. ఆడపిల్లల బడిలో చివరి తరగతి గ్రూపు ఫొటో. నలభై ఒకటి తీశాను, ఒక్క ఏడూ తప్పలేదు. మొన్న కొత్త పెద్ద టీచరమ్మ పిలిపించి, ఇకమీద ఫొటో డిజిటల్లోనే ఉండాలి, తీసేవాళ్లకు శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి, బడి కమిటీ రాసుకుంది అని చెప్పింది. మర్యాదగానే చెప్పింది. తనూ నా పదకొండో ఫొటోలో రెండో వరసలో ఉంది, ఆ మాటా చెప్పింది. జనవరి ఇరవై రెండు లోగా సర్టిఫికెట్ చూపిస్తే పని నాదే. లేకపోతే కాదు.

చెప్పుల కొట్టు మీద డిజిటల్ ఫొటోగ్రఫీ నేర్పుతారంటే మెట్లెక్కి వెళ్లాను. గోడ మీద ఫొటోలో టై కట్టుకుని నువ్వు. ఈ ఊళ్లోనూ నీ శిక్షణ కేంద్రమే అని అప్పుడు తెలిసింది. దిగిపోదామనుకున్నాను గానీ, మోకాళ్లు మళ్లీ అన్ని మెట్లు వెంటనే దిగనన్నాయి. అక్కడ పాఠం చెప్పే మేడం నా వయసు అడిగి, ముప్పై అయిదు దాటితే చేర్చుకోకూడదని నిబంధన ఉందంది. నేను ముప్పై అయిదు రెండుసార్లు దాటానన్నాను. నవ్వింది గానీ చేర్చుకోలేదు.

నా స్టూడియోలో పదహారేళ్లు లైటు పట్టుకుని నేర్చుకున్న పనికి నువ్వు గోడ ఎక్కావు. నన్ను మెట్ల దగ్గర ఆపేస్తారా. ఆ నిబంధన తీసెయ్. మీ అక్క మర్యాదగా రాయమంది. ఇది మర్యాదే.

మీ బావ


శిక్షణ కేంద్రం, రెండో అంతస్తు
సెప్టెంబరు 13

బావగారికి నమస్కారం.

కవరు మీద అక్షరాలు చూడగానే మీరే రాశారని తెలిసింది. మా అడ్రసు కూడా తిట్టినట్టే రాశారు. ఫోనులో రెండు నిమిషాల పని. సరే, మీ ఒట్టు మీది.

ఆ వయసు నిబంధన రాసింది నేనే. ముప్పై అయిదు దాటినవాళ్లకు ఏం చెప్పినా "మాకు తెలుసు" అంటారని రాశాను. రాసేటప్పుడు నా కళ్లముందు ఉన్నది మీరే. మేడంకి చెప్పాను, సోమవారం నుంచి వెళ్లండి. పది పాఠాలు, చివర ఒక పరీక్ష. మూడో పాఠం కెమెరా చేత్తో పట్టుకుని తీసేది, తొమ్మిదోది స్టాండు మీద గ్రూపు. సర్టిఫికెట్ మీద సంతకం మాత్రం నాది. మీరు నాకు బావగారైనా సరే, మేడం మార్కులు వేశాకే పెడతాను.

తరగతిలో ఎదురు చెప్పొద్దు. చెప్పకుండా ఉండలేరని తెలుసు. రోజుకు ఒకసారికి ఒప్పుకుంటున్నాను.

పెళ్లిలో మిమ్మల్ని ముందు నిలబెట్టిన సంగతి. దాని గురించి ఒక మాట చెప్పాలి. ఇప్పుడు కాదు, ఇంకోసారి రాస్తాను. అక్కను అడిగానని చెప్పండి.

మీ లైటు


పాత స్టూడియో, ముందు గది
అక్టోబరు 20

ఒరే లైటూ,

అయిదు వారాలైంది. తరగతిలో పద్నాలుగు మందిమి. నా తర్వాత పెద్దది ఇరవై ఆరేళ్ల దర్జీ కూతురు. నన్ను రోలు తాత అంటున్నారు. మొదటిరోజు కెమెరా చేతికివ్వగానే వెనక మూత ఎక్కడ తెరవాలి, ఫిల్ము రోలు ఎక్కడ పెట్టాలి అని అడిగాను. ఇకనుంచి చనిపోయేదాకా అదే పేరు.

నీ దగ్గర దాచటమెందుకు, ఎలాగూ మేడం నీకు చెప్పే ఉంటుంది. మొదటి వారం కెమెరాలోంచి ఫొటోలుండే మెమరీ కార్డు తీసి పట్టుకురమ్మంది. ఇంటికొచ్చి మధ్యాహ్నం పూట కిటికీలన్నీ వేశాను. తలుపు కింద తువ్వాలు కుక్కాను. కెమెరా నల్లగుడ్డ కింద పెట్టి, పాత అలవాటుగా వేళ్లతో తడిమి కార్డు బయటికి లాగుతుంటే మీ అక్క తలుపు తోసింది.

"చీకట్లో కూర్చుని ఏం చేస్తున్నారండీ?"

"తలుపెయ్, వెలుగు పడితే అన్నీ పోతాయి."

ఆవిడ భయపడి వేసింది కూడా. నలభై ఏళ్లు వేయించాను మరి. కార్డును నల్లకాగితంలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి తరగతికి తీసుకెళ్లాను. మేడం విప్పి చూసి, ఎందుకండీ ఇంత భద్రం అంది. చెప్పాను. అందరూ నా వయసుకు మర్యాదిచ్చి పెదాలు బిగబట్టారు. మేడం తట్టుకోలేక బల్ల మీద తల పెట్టేసింది. ఇక ఆపుకోవటం ఎవరి వల్లా కాలేదు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా వెధవలా కనిపిస్తానని.

వీధిలోకి వెళ్లి రెండు వందల ఫొటోలు తీసుకురమ్మంటే తొమ్మిది తెచ్చాను. మిగతావేవని అడిగింది. తీయాల్సినంత ఏమీ కనిపించలేదన్నాను. అదే ఆ రోజు ఎదురు చెప్పటం. లెక్కలో వేసుకో.

అసలు సంగతి చివరికి పెట్టాను. గ్రూపు పాఠం అభ్యాసం ముందే మొదలుపెట్టించారు. ఇప్పుడు అందరి కళ్లూ ఒక్కసారి తెరిపించక్కర్లేదట. ఇరవై తీసి, ఒక దాంట్లో కళ్లు మూసినవాడి మొహాన్ని ఇంకో దాంట్లోంచి కోసి అతికిస్తారట. సరే, మేడంతో కలిపి మా తరగతినే నిలబెట్టి తీసి, రెండురోజులు కూర్చుని అతికించాను. కంప్యూటరు పని చెయ్యి తిరగటానికి చచ్చినంత పనైంది. పూర్తయ్యాక నా పద్ధతిలో సరి చూసుకున్నాను. నా పద్ధతి నీకు తెలుసు, కళ్లు లెక్కపెట్టటమే. పద్నాలుగు మంది, ఇరవై ఎనిమిది కళ్లు. అన్నీ తెరిచే ఉన్నాయి. లెక్క సరిపోయిందని గర్వంగా తెర మీద వేయించాను.

దర్జీ కూతురు లేచి, "తాతగారూ, నేనేనండీ ఇందులో ఇద్దరు? నా పక్కన నిలబడ్డ లావుపాటి అతను ఏడీ?" అంది.

నిజమే. ఆ పిల్ల మొహమే రెండుచోట్ల పెట్టాను. రెండోసారి ఆ లావుపాటి మీసాల కుర్రాడి భుజాల మీద. నలభై ఏళ్లు కళ్లే లెక్కపెట్టాను గానీ మొహం ఎవరిదో చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. బడిలో పిల్లలు ఎవరి తల వాళ్లే పట్టుకొచ్చేవాళ్లు.

ఏదో చెప్పాలన్నావు పెళ్లి సంగతి. చెప్పు. పద్నాలుగేళ్లు ఆగాను, ఇంక ఆగటం నాకు కొత్త కాదు గానీ, చెప్తానన్నాక ఆగటం కష్టం.

మీ బావ


శిక్షణ కేంద్రం, రెండో అంతస్తు
నవంబరు 9

బావగారికి,

మీ ఉత్తరం మా ఆఫీసులో చదివి వినిపించాను, క్షమించండి. పేరు చెప్పలేదు. చెప్పకపోయినా మీ ఊరి మేడం ఇప్పటికే అందరికీ చెప్పేసిందట. ఆ మీసాల ఫొటో ఒకటి నాకు పంపించండి, ఇక్కడ పాఠంలో వాడతాను. ఇలా చేయొద్దని చెప్పటానికి దానికి మించింది దొరకదు.

మొదట్లో నేనూ తక్కువ తినలేదు. డిజిటల్ కొన్న మొదటి నెలంతా ముప్పై ఆరు తీయగానే రోలు అయిపోయిందనుకుని ఆపేసేవాణ్ణి. కెమెరా ఇంకా వెయ్యి ఉన్నాయని చూపిస్తున్నా నమ్మలేదు.

ఒకటి అడుగుతాను, తిప్పకుండా చెప్పండి. మూడో పాఠం, చేత్తో పట్టుకుని ఇంట్లో వెలుగులో తీసేది, ఎలా వచ్చింది? మీ ఉత్తరంలో ఒకటీ రెండూ ఉన్నాయి, తర్వాత గ్రూపు పాఠం ఉంది. మూడోది లేదు.

పెళ్లి సంగతి ఈసారీ రాయలేకపోతున్నాను. కలం పట్టుకున్నాక పనులు గుర్తొస్తున్నాయి.

లైటు


పాత స్టూడియో, ముందు గది
డిసెంబరు 11

ఒరే,

పేరు పెట్టి పిలవటం లేదు. కారణం చదువు.

నిన్న బడికి వెళ్లాను, గ్రూపు నిలబడే చోట ఎండ ఎటుంటుందో చూసుకుందామని. పెద్ద టీచరమ్మ గదిలో లేదు. బల్ల మీద ఒక కాగితం. పైన నీ కేంద్రం పేరు, కింద నీ సంతకం. నేను చదవటం నెమ్మది గానీ చదవలేనివాణ్ణి కాదు. ఆగస్టులోనే బడివాళ్లు మీకు రాశారట, ఫొటోకి మనుషుల్ని పంపమని. ఇద్దరిని పంపుతామని నువ్వు నవంబరులో ఒప్పుకున్నావు. అంటే నేను నీ దగ్గరే చదువుకుంటూ, నువ్వు సంతకం పెడితే ఆ కాగితం పట్టుకెళ్లి అడగాలి. ఆ లోపల నువ్వు నా పని తీసుకుంటావు. నా ఉత్తరం చదివి ఆఫీసంతా నవ్వినప్పుడు ఈ సంగతి కూడా చెప్పావా వాళ్లకి?

పెద్ద టీచరమ్మ వచ్చాక అడిగాను. మొహం అటు తిప్పుకుని, సర్టిఫికెట్ తెస్తే మీరే అని అన్నాను కదండీ, లేకపోతే వాళ్లు అంది. నిజమే, ఆవిడ తప్పేం లేదు.

మూడో పాఠం అడిగావు. చెబుతాను. మేడం మూడుసార్లు మళ్లీ తీయించింది. మొదటిసారి కెమెరా బరువెక్కువ అన్నాను. రెండోసారి, కింద చెప్పుల కొట్టులో కుట్టు మిషను తిరిగితే మేడ అదురుతోందన్నాను. ఆవిడ కిందికెళ్లి మిషను ఆపించి వచ్చింది. మూడోసారి ఏమనాలో తోచక, పొద్దున్నే కాఫీ ఎక్కువైందన్నాను. మేడం మార్కుల పుస్తకం తెరిచింది. ఏదో ఒకటి అంటే బాగుండేది. మార్కులు సున్నా.

నువ్వు పద్నాలుగేళ్లుగా ఏదో మింగుతున్నావు. ఇప్పుడు కక్కు. నా పని ఎందుకు తీసుకుంటున్నావో కూడా అందులోనే రాయి. మీ అక్క చదువుతుంది, అబద్ధం రాస్తే కనిపెడుతుంది.

మీ బావ


ఇల్లు
డిసెంబరు 24

బావగారికి,

ఆఫీసులో రాయలేక ఇంటికొచ్చి రాస్తున్నాను. ఎవరికీ చదివి వినిపించలేదు.

మా అమ్మాయి పెళ్లికి ముందు ఏడాది, వకీలుగారి తండ్రి ఎనభయ్యో పుట్టినరోజు ఫొటోలు గుర్తున్నాయా. పెద్దాయన కళ్లకు ఫ్లాష్ పడదని కిటికీ వెలుగులోనే తీశారు మీరు. మూడు రోల్సు. మొదటి రోలు నేను కడిగాను. ముప్పై ఆరులో ఇరవైకి పైగా కదిలిపోయాయి. పెద్దాయన మొహం ఒకటి మీద ఒకటి రెండు మొహాల్లా వచ్చింది. ఆయన కదల్లేదు, కుర్చీలో ఉన్నారు. మీ చెయ్యి కదిలింది.

మిగతా రెండూ కడగలేదు. కిటికీ దగ్గర నిలబడి డబ్బా ఊడదీసి, రోలు మొత్తం లాగి వెలుగు చూపించాను. కడిగినదాన్ని పొయ్యిలో పడేశాను. పొరపాటున తెరిచేశానని మీకు చెప్పాను. వకీలుగారి వరండాలో అందరి ముందూ మీరు నన్ను "పదహారేళ్లు లైటు పట్టుకున్నా రోలు పట్టుకోవటం రాలేదు వీడికి" అన్నారు. అనిపించుకున్నాను. ఆ వారమే స్టూడియో వదిలేశాను.

ఏడాది తిరిగాక అమ్మాయి పెళ్లి ఫొటోలు తీయమని ఎవరికి చెప్పను? మీకు చెబితే అవే ఫొటోలు వస్తాయి, ఈసారి దాచటానికి లేదు. చెప్పకపోతే మీకు కోపం. కోపమే నయమనుకున్నాను.

బడి సంగతి ఆగస్టులోనే తెలుసు. అది మీ బడి అనీ తెలుసు. వద్దనాల్సింది. కానీ అరవై మంది పిల్లల ఫొటో కదిలిపోయి వస్తే, నలభై ఒక్క ఏళ్ల పేరు ఒక్క పొద్దులో పోతుందని భయపడ్డాను. మీరు సర్టిఫికెట్ దాకా రారు, వదిలేస్తారు అనుకున్నాను. మీరు వదల్లేదు.

జనవరి ఇరవై రెండు లోగా బడికి ఒక మాట చెప్పాలి. సంతకం పెట్టటానికి నాకు చెయ్యి రావటం లేదు బావగారూ. పెట్టనని చెప్పటానికి నోరూ రావటం లేదు.

మీ లైటు


పాత స్టూడియో, ముందు గది
జనవరి 9

ఒరే లైటూ,

నీ ఉత్తరం మీ అక్క మూడుసార్లు చదివింది. రెండుసార్లు పైకి, ఒకసారి లోపల. చదివాక నాతో, "మీకు ముందే తెలుసు కదండీ?" అంది. నలభై ఏళ్లుగా నా పక్కన ఉన్న మనిషి. ఆవిడ దగ్గర బుకాయించలేకపోయాను. నీ దగ్గరా మానేస్తాను.

తెలుసు. వకీలుగారి ఇంటికి వెళ్లక ముందు నుంచీ తెలుసు. ఆ ఏడాదే నెగెటివ్ మీద పెన్సిల్ పని మానేశాను. ఒక పెళ్లికూతురి కనుబొమ్మ దిద్దుతుంటే రెండు కనుబొమ్మలు వచ్చాయి. కళ్లజోడు మార్చాలి అని అందరికీ చెప్పాను. కళ్లజోడు బాగానే ఉంది. నువ్వు డబ్బా పొరపాటున తెరవలేదని కూడా తెలుసు. కళ్లకు గంతలు కట్టినా రోలు తప్పు పట్టుకోని చెయ్యి నీది, నేర్పినవాణ్ణి నేను. అయినా వరండాలో అంత గట్టిగా అరిచాను. నెమ్మదిగా అంటే నాకే వినబడుతుందని.

తర్వాత నీ మీద కోపం పట్టుకున్నాను. ఒరే, ఏం సుఖంగా ఉందో నీకేం తెలుసు. పొద్దున లేవగానే కాఫీ గ్లాసు చేతిలో కదిలితే, చూశావా ఆ వెధవ చేసిన పనికి నా ఒళ్లెలా వణుకుతోందో అనుకునేవాణ్ణి. పద్నాలుగేళ్లు ఇలా నమ్మినవాణ్ణి, ఇంత తెలివి తక్కువవాణ్ణి మీ నాన్న ఎలా అల్లుణ్ణి చేసుకున్నాడో అడగాల్సింది, ఆయన లేడు.

అది నా సంగతి. ఇప్పుడు పని సంగతి.

నువ్వు పదహారేళ్లు బడి గ్రూపుకి నాతో వచ్చావు. ఒక్కసారైనా ఆ కెమెరా నా చేతిలో చూశావా? స్టాండు మీద ఉంటుంది. నొక్కేది కూడా వైరుతో. చేతికి అక్కడ పనే లేదు. పనంతా నోటిది, కంటిది. పొడుగు పిల్లల్ని చివరికి నెట్టకుండా మధ్యలో పెట్టటం, అలిగిన ఇద్దరిని ఎడంగా ఉంచటం, అరవై మందీ ఒక్కసారి ఇటు చూసే మాట ఒకటి అనటం. నీ ఇద్దరు మనుషులూ ముప్పై తీసి మొహాలు కోసి అతికిస్తారు. ఆ పిల్లలు ఒక్క క్షణం కూడా అలా కలిసి నిలబడలేదు, ఫొటోలో మాత్రం నిలబడతారు. తప్పని అనను, నేనే ఒక పిల్లని రెండుగా చేసినవాణ్ణి. కానీ ఆ బడికి అది ఇవ్వను.

మొన్న మూడున పరీక్ష అయింది. గ్రూపు స్టాండు మీద తీశాను. చెప్పుల కొట్టులో పనిచేసేవాళ్లూ, మా తరగతీ, మొత్తం ఇరవై రెండు మంది. అయిదు తీశాను, మూడోదాంట్లో అందరూ ఉన్నారు. ఏ మొహమూ మార్చలేదు. కళ్లు లెక్కపెట్టాక ఒక్కొక్క మొహం మీద వేలు పెట్టి ఎవరిదో పైకి చెప్పుకున్నాను. మేడం ఆ పాఠానికి తొంభై వేసింది. మూడో పాఠానికి సున్నా అలాగే ఉంచింది. నేను మార్చమనలేదు. మొత్తానికి నూటికి అరవై ఒకటి, పాసు. కింద ఆవిడ ఒక వాక్యం రాసింది, చేత్తో పట్టుకుని తీసే పనికి పనికిరారు అని. బాగా రాసింది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

ఆ వాక్యం సర్టిఫికెట్ మీద కూడా పెద్ద అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టు. బావని కాబట్టి పెట్టొద్దు. చెయ్యి వణుకుతున్న ముసలాడని జాలిపడి మానొద్దు కూడా. నీ కేంద్రంలో స్టాండు మీద గ్రూపు తీయటం నా కన్నా బాగా వచ్చినవాడు ఉంటే వాణ్ణే పంపు. లేకపోతే నన్ను పంపు. నీ పని నిజం రాయటం. పెట్టనంటే, పెట్టను అని ఒక్క మాట రాసి పంపు. తిట్టను. చాలా కష్టం గానీ, తిట్టను.

ఈ నెల ఇరవయ్యో తేదీ సాయంత్రం టపా దాకా చూస్తాను. ఇరవై ఒకటిన బడి తెరవగానే, నీ కాగితం వచ్చినా రాకపోయినా, పెద్ద టీచరమ్మ ముందు కూర్చుని నా చెయ్యి సంగతి నేనే చెబుతాను. సంతకం ఉంటే, చెప్పాక స్టాండు ఎక్కడ పెట్టాలో అడుగుతాను. లేకపోతే చెప్పి ఇంటికొస్తాను.

ఇరవై లోగా జవాబు రాయి.

మీ బావ